మాటకు ముందు నడిచే సందేశం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కాల్ కలిసిన తీరు

టెలిఫోనులో మాట మొదలయ్యే ముందు ఎవరు ఎవరిని పిలుస్తున్నారో, దారి ఖాళీగా ఉందో లేదో, అవతలి ఫోను మోగుతోందో లేదో తెలిపే సమాచారం ఇరువైపులా నడవాలి. దీనినే సాంకేతిక పరిభాషలో సిగ్నలింగ్ అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో కాల్ కలవడానికి ఒకప్పుడు పూటలు పట్టి, ఇప్పుడు క్షణాలు పట్టడానికి గల కారణాన్ని ఈ సందేశాల పొడవులోనూ, వాటిని మోసే దారి వెడల్పులోనూ వెతకవలసి ఉంటుంది.

మొదటి రెండు పట్టణాలు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉండగా, మూడవది 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత వరి సాగు విస్తరించి బియ్యం మిల్లులకు నెలవైంది కాబట్టి, పొరుగూరి ధర వేళకు తెలియడం ఇక్కడి వర్తకులకు ప్రాణావసరం. ట్రంకు కాల్ కాలంలో సిగ్నలింగ్ మనుషుల నోటి మీదనే నడిచేది. ఊరి ఎక్స్ఛేంజీలో కాల్ బుక్ చేస్తే అక్కడి ఆపరేటరు పై ఎక్స్ఛేంజీకి, వారు అవతలి ఊరి ఆపరేటరుకు నంబరు చెప్పి, ఉన్న కొద్ది తీగలలో ఒకటి ఖాళీ అయ్యే దాకా వేచి ఉండేవారు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అనే తరగతులు ఆ నిరీక్షణకు కట్టిన ధరలే. కోరిన మనిషి దొరికితేనే కలిపే కాల్‌ను పీపీ కాల్ అనేవారు.

సందేశాన్ని కుదించడమనే ఉపాయం మాత్రం టెలిగ్రాంలో ఎప్పటి నుంచో ఉండేది. పెళ్లికో పండుగకో పంపే శుభాకాంక్షల టెలిగ్రాంలకు తపాలా తంతి శాఖ కొన్ని వాక్యాలను ముందే కూర్చి, ఒక్కొక్క దానికి ఒక అంకె కేటాయించింది. పంపేవారు అంకె రాస్తే తీగ మీద అంకె మాత్రమే వెళ్లేది, అందుకున్న ఆఫీసులో తమ దగ్గరి పట్టిక చూసి పూర్తి వాక్యం రాసి ఇంటికి చేర్చేవారు. రెండు చివరలా ఒకే పుస్తకం ఉంటే నడుమ నడవవలసింది ఆ పుస్తకంలోని చోటు గుర్తు ఒక్కటే. నేటి కుదింపు విద్యకు ఇంతకన్నా స్పష్టమైన పూర్వరూపం మరొకటి లేదు.

ఆపరేటరు లేకుండా వినియోగదారుడే దూరపు ఊరికి డయల్ చేసే ఎస్టీడీ పద్ధతి మన దేశంలో 1960లో కాన్పూర్–లక్నోల మధ్య మొదలై, చిన్న పట్టణాలకు మెల్లగా చేరింది. రోటరీ ఫోను సెకనుకు 10 స్పందనలు పంపుతుంది, సున్నాకు 10 స్పందనలు లెక్క. అంటే సూర్యాపేట కోడ్ 08684 తిప్పడానికి 36 స్పందనలు, మిర్యాలగూడ కోడ్ 08689కి 41 స్పందనలు కావాలి. అంకెల నడుమ విరామాలు కలపకుండానే సుమారు నాలుగు సెకన్లు అక్కడే ఖర్చయ్యేవి. మీటల ఫోన్లు వచ్చి, ఒక్కొక్క అంకెను సెకనులో చిన్న భాగం పాటు వినిపించే స్వరంగా మార్చిన తరువాత ఆ జాప్యం తగ్గింది.

మొబైల్ వచ్చాక సిగ్నలింగ్‌కు ఇరుకు దారి మళ్లీ ఎదురైంది. జీఎస్ఎం అనే రెండవ తరం పద్ధతిలో కాల్ కలిపే సందేశాలకు కేటాయించిన మార్గం సెకనుకు సుమారు 780 బిట్లు మాత్రమే మోస్తుంది. అందుకే దాని రూపకర్తలు సందేశాలను అక్షరాలలో కాక, ఏ స్థానంలో ఏ బిట్టు ఉంటే ఏమి అర్థమో ముందే నిర్ణయించిన సంకేతాలలో రాశారు. మాట కలవనంత వరకు రుసుము లేదన్న నియమాన్ని పట్టుకుని, రెండు రింగులిచ్చి ఆపే మిస్డ్ కాల్‌ను సామాన్యులే ఒక వార్తగా మలచుకోవడం ఈ చరిత్రలో తక్కువ గౌరవం పొందిన తెలివి.

తరువాత ఇంటర్నెట్ మీద కాల్ కలపడానికి సిప్ అనే నియమావళి వచ్చింది; దాని ప్రధాన రూపం 2002లో వెలువడింది. సిప్ సందేశాలు మనిషి చదవగల అక్షరాలలో ఉంటాయి, ఒక్కొక్కటి వెయ్యి బైట్లు, అంటే 8000 బిట్లు దాటవచ్చు. పైన చెప్పిన జీఎస్ఎం మార్గంలో అలాంటిది ఒక్కటి వెళ్లడానికే పది సెకన్లు పడుతుంది, కాల్ కలవడానికి అటువంటివి అనేకం కావాలి. ఈ చిక్కు తీర్చడానికి 2003లో సిగ్‌కాంప్ అనే కుదింపు పద్ధతిని ప్రమాణంగా ప్రకటించారు. సిప్‌లో తరచు వచ్చే పదాల నిఘంటువును రెండు వైపులా ఉంచడం, మునుపటి సందేశాలను గుర్తుంచుకుని కొత్తదానిలో మారిన భాగాన్నే పంపడం దాని పని. టెలిగ్రాం పట్టికలోని సూత్రమే ఇక్కడ జ్ఞాపకశక్తిని కూడా సంపాదించుకుంది.

అయితే ఈ మూడు పట్టణాల సాధారణ కాల్‌లకు సిగ్‌కాంప్ అవసరం దాదాపు పడలేదు. దేశంలో 3జీ ఫోన్లలోనూ మాట సిప్ మీద కాక పాత సర్క్యూట్ పద్ధతిలోనే సాగింది. 2016 సెప్టెంబరులో జియో సేవలతో సిప్ మీద నడిచే వోల్టీ విస్తరించే నాటికి 4జీ దారి ఎంతో వెడల్పైంది. వోల్టీకి మొబైల్ సంస్థల సంఘం రాసిన నియమాలు 4జీలో సిగ్‌కాంప్‌ను పక్కన పెట్టి, మాట మోసే ప్యాకెట్ల హెడర్‌ను 40 లేదా 60 బైట్ల నుంచి కొద్ది బైట్లకు తగ్గించే కుదింపును మాత్రం నిలుపుకున్నాయి.

దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది. ట్రంకు బోర్డుల ముందు కూర్చున్న ఆపరేటర్లు, పట్టిక చూసి వాక్యాలు నింపిన తంతి ఉద్యోగులు తమ పనిని వివరించగల స్థితిలో ఉన్నప్పుడే నల్గొండ, సూర్యాపేట జిల్లాల చరిత్రకారులు వారి మాటలను నమోదు చేయాలి.