కుండ అడుగున పేరు

కృష్ణా డెల్టాలో పాత కుండను దాచుకునే ఆచారం లేదు. పారేయడమే ఆచారం. ఇంట్లో చావు జరిగితే వంటింట్లో ఉన్న మట్టిపాత్రలన్నీ మైలపడ్డాయని బయటికి తీసేసేవాళ్లు. గ్రహణం పట్టి విడిచినా కొన్ని ఇళ్లలో అదే పని. సంక్రాంతికి కొత్త బియ్యం కొత్త కుండలోనే పొంగాలి. మూడు తరాలు చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె ఉన్న మా అత్తగారింట్లోనే పెరుగుముంతకు ఏడాది ఆయుష్షు ఉండేది కాదు. అలాంటి చోట నేను నల్లకుండలు పోగుచేస్తున్నానంటే మా వీధిలోవాళ్లు కాస్త జాలిగానే చూస్తారు. రిటైరైన సోషల్ టీచరుకి ఏదో ఒక వ్యాపకం ఉండాలి కదా అని సరిపెట్టుకుంటారు.

నా దగ్గరున్నవి పురావస్తువులేం కావు. పెరుగుముంతలు, దాకలు, చేపల పులుసు చట్టీలు, మూకుళ్లు, అంచు కొంచెం విరిగిన పాలదుత్త ఒకటి. అన్నిటికన్నా పాతది మా అత్తగారి కాపురం తొలినాళ్లది. తెచ్చుకోవడానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: చేసినవాళ్ల పేరు, ఊరి పేరు తెలియాలి. తెలిస్తే చీటీ మీద రాసి కుండ అడుగున అంటిస్తాను. ఎంత నునుపుగా ఉన్నా, ఎంత ముచ్చటేసినా, పేరు తెలియని కుండ వంటింట్లోకి పోతుందిగాని అలమరలోకి పోదు.

కుండ నల్లబడేది మట్టివల్ల కాదు. ఎర్రకుండదీ నల్లకుండదీ ఒకే మట్టి. చెరువులో తవ్వి తెచ్చి, ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించి, నానబెట్టి, కాస్త ఇసుక కలిపి కాళ్లతో తొక్కిన మట్టి. అందులో ఇనుము ఉంటుంది. కుండలు కాల్చే ఆములో మంటకు గాలి బాగా ఆడితే ఆ ఇనుము తుప్పురంగు తేలి కుండ ఎర్రబడుతుంది. మంట బాగా పుంజుకున్న తర్వాత ఊకో, పచ్చి ఆకో, తడిగడ్డో వేసి కంతలన్నీ మట్టితో మూసేస్తే లోపల పొగ తప్ప ఇంకేమీ ఉండదు. ఆ పొగలోని మసి కుండ ఒంట్లో ఉన్న సన్నటి రంధ్రాల్లోకి ఎక్కుతుంది, ఇనుము కూడా నల్లబడుతుంది. చెప్పడానికి ఇంతే. ఎప్పుడు మూయాలన్నదే విద్య. తొందరపడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆలస్యమైతే మచ్చలుమచ్చలుగా వస్తుంది. ఆ సమయాన్ని మంట రంగు చూసి పట్టుకోవాలి. నునుపు మాత్రం ఆములో వచ్చేది కాదు. పచ్చికుండ సగం ఆరినప్పుడు ఏటి గులకరాయితో గంటలకొద్దీ రుద్దాలి. నేను చూసిన ఇళ్లలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. కాబట్టి నా చీటీల మీద రెండేసి పేర్లుంటాయి.

మసి రంధ్రాల్లో కూరుకుపోవడంవల్ల నల్లకుండ నీళ్లు తక్కువ పీలుస్తుంది, పాలకు, పెరుగుకు, పులుసుకు అదే కావాలి. ఎర్రకుండ చెమర్చి నీళ్లు చల్లబరుస్తుంది, వేసవికి అదే కావాలి. రంగు అందం కోసం పుట్టలేదు.

ఈ నలుపు మన నేలలో ఎంత పాతదో చూడాలంటే గన్నవరం దాకా వెళ్తే చాలు. కేసరపల్లి అనగానే ఇప్పుడు విమానాశ్రయం, మేధా టవర్స్, 2024 జూన్‌లో ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం గుర్తొస్తాయి. అక్కడ 1962లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున హెచ్. సర్కార్ తవ్వకం జరిపారు. మట్టి పొరలు దిగేకొద్దీ రాతి పనిముట్లు వాడిన కాలందాకా పెంకులు దొరికాయి. పై పొరల్లో లోపలంతా నల్లగా, బయట కింద సగం ఎర్రగా ఉండే పాత్రలు వచ్చాయి. పురావస్తువాళ్లు వీటిని నలుపు-ఎరుపు మృణ్మయాలంటారు. దక్షిణాదిలో ఇనుము వాడకంతో, రాక్షసగుళ్లనే పెద్దరాళ్ల సమాధులతో కలిసి కనబడేవి ఇవే. అమరావతి స్తూపం దగ్గర 1958–59లో తవ్వితే అడుగు పొరల్లో అవే, ధరణికోటలో 1960ల్లో పడవల రేవు బయటపడ్డప్పుడు అక్కడా అవే.

ఒకే పాత్రలో రెండు రంగులు ఎలా వచ్చాయంటే, కుండను బోర్లించి కాల్చడంవల్ల అని ఎక్కువమంది మాట. మూతి బూడిదలోనో గడ్డిలోనో కూరుకుని ఉంటే లోపలికి గాలి పోదు, అక్కడ నలుపు; బయట వీపుకు గాలి తగులుతుంది, అక్కడ ఎరుపు. ఒక్కసారే కాల్చారా, రెండుసార్లా అన్నదానిమీద పండితులు పోట్లాడుకున్నారు. నేను ఒక ముసలి కుమ్మరిని అడిగితే, ‘ఒక్క ఆముతో అయ్యేదానికి రెండుసార్లు కట్టెలెవడు తగలేస్తాడు టీచరుగారూ’ అన్నాడు. పండితుల వాదం తేలేదాకా నేను ఆయన పక్షం.

ఇంత పాత నలుపు కాళ్లకింద ఉన్నా, పోగుచేసేవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల కన్ను కుండమీద పడలేదు, రాయిమీద పడింది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బ చూసినా, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినా, 1877లో రాబర్ట్ స్యూయెల్ తవ్వినా వెతికింది సున్నపురాతి శిల్పాలనే. ఇలియట్ తీయించిన రాళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. భట్టిప్రోలు స్తూపం ఇంకా అన్యాయమైంది. రోడ్డు వేయడానికి ఇటుకలు, కాలువ కట్టడానికి రాళ్లు పోయాక, మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే బ్రాహ్మీ అక్షరాలున్న రాతి పేటికలు దొరికాయి. వాటికి ఎంత పేరు రావాలో అంతా వచ్చింది. ఆ తవ్వకాల్లో పారల కింద నలిగిన చిల్లపెంకుల ఊసు మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తలేదు. మజా ఏమిటంటే, ఇదే రీ 1899 తర్వాత తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో సమాధుల బానలు తవ్వి, నలుపు-ఎరుపు పాత్రలను బయటికి తీసి పుస్తకంలోకి ఎక్కించాడు. కుండలో బంగారు పట్టీ, ఇనుప కత్తి దొరికితే కుండకూ గౌరవం వస్తుంది కాబోలు.

కృష్ణా కలెక్టరుగా ఉన్న స్యూయెల్ 1887 జూన్ 27న బెజవాడలో విక్టోరియా జూబ్లీ మ్యూజియానికి శంకుస్థాపన చేశాడు. 1921లో కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా చూపించిన చోటుగా ఆ భవనం అందరికీ తెలుసు. ఇప్పుడది బాపు మ్యూజియం. పిల్లల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. అల్లూరు బుద్ధుడి ముందు వాళ్లు నిలబడేవాళ్లు, కత్తుల దగ్గర నిలబడేవాళ్లు, కుండల దగ్గర నిలబడేవాళ్లు కాదు. వాళ్లను ఏమనగలం? ఏడుపెంకులాటకు పెంకులు వాళ్ల ఊరి దిబ్బమీదే దొరుకుతాయి.

చిల్లపెంకుకు విలువ వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి పనిముట్లతోపాటు పెంకుల్నీ ఏరి పెట్టుకున్నాడు; 1904లో ఆ సేకరణ మద్రాసు మ్యూజియానికి చేరింది. తర్వాత 1945లో అరికమేడులో, 1947లో బ్రహ్మగిరిలో పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ పెంకుల్ని పట్టుకుని కాలం లెక్కగట్టడం నేర్పాడు. అక్కణ్నించి పెంకు సాక్షి అయింది. ఏ పొరలో దొరికింది, ఏ శతాబ్దానిది, దేనితో కలిసి దొరికింది అని అడిగారు. చేసినవాడెవడని అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లెవరు? కొన్ని నలుపు-ఎరుపు పెంకులమీద గీతలుంటాయి, కాల్చిన తర్వాత మొనతో గీకినవి. కాల్చాక గీకారంటే అవి కుమ్మరి గుర్తులకన్నా వాడుకున్న ఇంటివాళ్ల గుర్తులని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

పెంకు దగ్గర మొదలై మనిషి దగ్గరికి చేరిన కథ ఒకటి అమెరికాలో ఉంది. న్యూమెక్సికోలో శాన్ ఇల్డెఫాన్సో అనే ప్వెబ్లో ఆదివాసీ గ్రామం. ఆ చుట్టుపక్కల తవ్వకాలు చేయిస్తున్న ఎడ్గర్ లీ హ్యూయెట్ అనే పురావస్తువేత్త, 1908 ప్రాంతంలో దొరికిన పాత పెంకులు చూపించి అలాంటి కుండలు చేయగలవా అని మరియా మార్టినెజ్ అనే ఆమెను అడిగాడు. సారె లేదు, మట్టిలో అగ్నిపర్వతపు బూడిద కలిపి, చేత్తో చుట్టలు పేర్చి, గులకరాయితో రుద్ది చేయడం వాళ్ల పద్ధతి. పొడిచేసిన గుర్రపు పేడతో మంటను కప్పి పొగ పెడితే నలుపు వచ్చింది. 1919 ప్రాంతంలో భర్త జూలియన్ నిగనిగలాడే నలుపు మీద మసక నలుపుతో చిత్రం వేసే పద్ధతి పట్టాడు. 1920ల్లో ఆమె కుండ అడుగున పేరు రాయడం మొదలుపెట్టింది, తర్వాత భర్త పేరూ చేరింది. పేరున్న కుండకు ధర ఎక్కువని తెలిసి, ఊళ్లో తోటివాళ్ల కుండలమీద కూడా తన పేరు రాసిచ్చేదని చెబుతారు. కుండలు కొని దాచుకునేవాళ్లకు అది మింగుడుపడని సంగతి. నాకు మాత్రం ఆమెమీద అభిమానం కలిగింది అక్కడే. 1980లో ఆమె పోయేనాటికి ఆమె చేతి కుండలు పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

మన కుమ్మరులు శాలివాహనులమని చెప్పుకుంటారు. శాలివాహనుడు కుమ్మరింట పెరిగాడని, మట్టిబొమ్మల సైన్యానికి ప్రాణం పోశాడని కథ. మన కుమ్మరుల్లో లోకానికి బాగా తెలిసిన పేరు మొల్ల ఒక్కటే. ఆ పేరు నిలబెట్టింది రామాయణం, కుండ కాదు. కుమ్మరికి కుండకింత అని లెక్క ఉండేది కాదు. ఏడాది పొడుగునా ఇళ్లకు కుండలు ఇచ్చి, కోతలయ్యాక కళ్లం దగ్గర మేర కొలిపించుకునేవాడు. పెళ్లికి ఐరేని కుండలు తెస్తే బట్టలు, బియ్యం. సత్తుగిన్నెలు వచ్చి, స్టీలు వచ్చి, గ్యాసుపొయ్యి వచ్చేసరికి మేర ఆగింది. ధర లేని వస్తువుకు సంతకం ఎందుకుంటుంది?

కిందటి వేసవిలో ఆ ముసలి కుమ్మరినే, పచ్చికుండ అడుగున పేరు గీయమని అడిగాను. నవ్వాడు. ‘నా కుండ అంచు చూస్తే మా ఊళ్లో చిన్నపిల్లవాడికీ తెలుస్తుంది. మా తమ్ముడి కుండకు మెడ పొట్టి. పేరెందుకు టీచరుగారూ?’ ఊరిలో తయారై ఊరిలోనే పగిలిన కుండకు ఆ మాట నిజమే. విజయవాడలో రోడ్డుపక్క పేర్చి అమ్ముతున్న నల్లచట్టీల సంగతి వేరు. ఇప్పుడు వీటికి మళ్లీ గిరాకీ వచ్చింది, ఆరోగ్యమని కొంటున్నారు. ఎవరు చేశారని అడిగితే అమ్మే అమ్మాయి, ‘లారీలో వస్తాయండీ, అంతకన్నా మాకు తెలీదు’ అంది. ఒకటి కొన్నాను. నునుపుగా, మచ్చలేకుండా, మూత సరిగ్గా కూర్చునేలా ఉంది. గంజి కాచి నానబెట్టి, మర్నాడు దానిలో కొరమీను పులుసు పెట్టాను.