వాసన పట్టేది కుక్క ఒక్కటేనా?

రైల్వే స్టేషన్లోనో విమానాశ్రయంలోనో పోలీసు జాగిలం సామాను వాసన చూస్తూ పోవడం మీరు చూసే ఉంటారు. ఒక సంచి దగ్గర ఆగుతుంది. మళ్ళీ ఒకసారి ముక్కు ఆనించి, అక్కడే కూర్చుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళ చూపులన్నీ ఆ సంచి యజమాని మీదికి మళ్ళుతాయి. "కుక్క అబద్ధం చెప్పదు" అని ఎవరో ఒకరు అననే అంటారు. నిజమే, చెప్పదు. కానీ అది చెప్పిన మాట పూర్తిగా దాని సొంతమేనా? ఈ సంగతి తేల్చుకోవాలంటే ముందుగా మనం ఒక గుర్రం దగ్గరికి వెళ్ళాలి.

1904లో బెర్లిన్ నగరంలో ఎక్కడ విన్నా 'హాన్స్' అనే గుర్రం కబుర్లే. దాని యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ ఒకప్పటి లెక్కల మాస్టారు. కూడికలు, భిన్నాలు అడిగితే హాన్స్ గిట్టతో నేల మీద అన్నిసార్లు తట్టి జవాబు చెప్పేది. కార్ల్ స్టుంఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో ఒక సంఘం పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చింది. స్టుంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్‌కు మాత్రం అంతటితో తృప్తి కలగలేదు. అడిగే మనిషికే జవాబు తెలియకుండా ఏర్పాటు చేశాడు. హాన్స్ తప్పింది! అడిగే మనిషి గుర్రానికి కనిపించకుండా చేశాడు. మళ్ళీ తప్పింది. అసలు సంగతేమిటంటే, సరైన సంఖ్య రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది. గుర్రం ఆ కదలికను పట్టుకుని తట్టడం ఆపేది. ఇంకా విచిత్రం, ఈ రహస్యం తెలిసిన తరువాత కూడా ఫుంగ్‌స్ట్ తన తలను పూర్తిగా అదుపులో పెట్టుకోలేకపోయాడు. 1907లో ఇదంతా పుస్తకంగా వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్ పోలీసులు కుక్కలను కొలువులోకి తీసుకుంటున్నారు. బెల్జియంలోని ఘెంట్ నగరం 1899లో మొదలుపెట్టింది. జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1906 నుంచి కుక్కలకు తర్ఫీదు ఇస్తూ, 1910లో శిక్షణ పుస్తకం రాశాడు. ఒకే దేశం, ఒకే దశాబ్దం. ఒకరు జంతువుకు మనిషి ఏం నేర్పగలడో రాశారు, మరొకరు మనిషి తెలియకుండానే ఏం నేర్పేస్తాడో రాశారు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం చాలాకాలం తరువాత గాని గట్టిగా తెలిసిరాలేదు.

మాదక ద్రవ్యాల కోసం కుక్కలను పెద్ద ఎత్తున వాడడం వియత్నాం యుద్ధకాలంలో ఊపందుకుంది. అమెరికా కస్టమ్స్ శాఖ 1970లో ఇందుకోసం ప్రత్యేక విభాగం నెలకొల్పింది. మన దేశంలో గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం జాతీయ జాగిలాల శిక్షణ కేంద్రం ప్రారంభమైనదీ 1970లోనే. హైదరాబాదు శివార్లలోని మొయినాబాద్‌లో కూడా పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తారు.

ఇంతకూ శిక్షణ ఎలా ఇస్తారు? కుక్కకు మత్తుమందు అలవాటు చేసి, దానికోసం వెతికిస్తారని కొందరు అంటుంటారు. శుద్ధ అబద్ధం! అలా చేస్తే కుక్క బతకదు. కుక్క వెతికేది గంజాయిని కాదు, తన ఆటవస్తువును. చుట్టిన తువ్వాలో, బంతో దానికి ప్రాణం. దానికి గంజాయి వాసన జతచేసి దాస్తారు. వెతికి పట్టుకుంటే ఆట. కొన్నాళ్ళకు ఆ వాసన వస్తే చాలు, ఆట దొరుకుతుందని కుక్కకు కుదురుతుంది. మీ పాఠ్యపుస్తకంలోని పావ్‌లోవ్ గంట గుర్తుందా? ఇక్కడ గంట బదులు వాసన. వాసన దగ్గర కూర్చోవడమో, గోళ్ళతో గీకడమో తరువాత నేర్పుతారు.

మరో విశేషం. కొకైన్ పొడి అంత తేలికగా ఆవిరి కాదు. గాలిలోని తేమతో కలిసి కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై మిథైల్ బెంజోయేట్ అనే సువాసన గల పదార్థాన్ని వెలువరిస్తుంది. కుక్కలు ప్రధానంగా పట్టేది దీన్నేనని ప్రయోగాల్లో తేలింది. ఇది కొన్ని పూలలోనూ ఉంటుంది! అంటే కుక్క ముక్కు 'కొకైన్' అనే పేరును పట్టదు. కొన్ని అణువులను పట్టి, ఆట కోసం మన ముఖం వైపు చూస్తుంది.

చిక్కంతా ఆ చూపులోనే ఉంది. ఆట ఇచ్చేది ఎవరు? పట్టీ పట్టుకున్న మనిషి. ఇంగ్లీషులో అతన్ని హ్యాండ్లర్ అంటారు. అనువాదకుడిగా నేను ఈ మాట దగ్గర చాలాసార్లు ఆగిపోయాను. 'శిక్షకుడు' అంటే నేర్పేవాడు మాత్రమే, 'యజమాని' అసలే కాదు. మన డాగ్ స్క్వాడ్ వాళ్ళు హాయిగా హ్యాండ్లర్ అనే అంటారు, మనమూ అలాగే అందాం. ఒక సంచిని హ్యాండ్లర్ అనుమానించాడనుకోండి. నడక కాస్త మందగిస్తుంది, పట్టీ బిగుసుకుంటుంది, ఊపిరి మారుతుంది. హాన్స్ కనిపెట్టిన దానికంటే ఇవి పెద్ద సంకేతాలు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రానికి చెందిన లీసా లిట్, ఆమె సహచరులు 2011లో ఈ విషయంపై ఒక పరిశోధన ప్రచురించారు. 18 మంది హ్యాండ్లర్లను తమ తమ కుక్కలతో ఒక చర్చి భవనంలో వెతకమన్నారు. వాసనలు దాచి ఉండవచ్చనీ, కొన్నిచోట్ల ఎర్ర కాగితం గుర్తుగా ఉంటుందనీ చెప్పారు. నిజానికి ఎక్కడా ఏమీ దాచలేదు. మొత్తం 144 గాలింపుల్లో ఒక్క తప్పుడు సూచన కూడా లేనివి 21 మాత్రమే! సూచనలు ఎర్ర కాగితం దగ్గరే ఎక్కువ. కుక్కలు కాగితం చదవవు కదా! కుక్క హ్యాండ్లర్‌ను చూసి కూర్చుందో, కూర్చోకపోయినా కూర్చున్నట్టు హ్యాండ్లర్‌కే తోచిందో ఆ ప్రయోగం విడదీసి చెప్పలేదు. ఏదైనా లోపం పట్టీకి పై కొసనే ఉంది.

తప్పుడు సూచన అంత పెద్ద విషయమా అంటారా? చిన్న లెక్క చేద్దాం. 1000 సంచుల్లో 10 సంచుల్లోనే గంజాయి ఉందనుకోండి. కుక్క ఉన్నవాటిలో 90 శాతం పట్టుకుంటుంది, లేనివాటిలో 5 శాతం దగ్గర పొరబడుతుంది (ఈ అంకెలు లెక్క కోసమే). దొరికేవి 9 సంచులు. ఊరికే విప్పేవి దాదాపు 50! విప్పించుకున్న ప్రతి ఆరుగురిలో అయిదుగురు నిర్దోషులే అన్నమాట. అయినా పదిమందిలో తలవంచుకోక తప్పదు.

న్యాయస్థానాలు ఈ సంగతి గమనించకపోలేదు. కుక్క సాక్షి బోనెక్కి ప్రమాణం చేయలేదు, దాని మాటను మరొకరు చెప్పాలి అన్న అభ్యంతరాన్ని మన సుప్రీంకోర్టు 1969లోనే ప్రస్తావించింది. 2001లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, కుక్కకూ హ్యాండ్లర్‌కూ మధ్య అపార్థం కలగవచ్చునని కూడా ఎత్తిచూపింది. అవి నేరస్థుల జాడ తీసే కుక్కల కేసులు. మత్తుమందుల విషయంలో కుక్క సూచన దారి చూపడం వరకే. సంచిలో ఏముందో ప్రయోగశాల చెప్పాలి. 1985 నాటి చట్టం ప్రకారం వాణిజ్య పరిమాణంలో దొరికితే శిక్ష కనీసం 10 సంవత్సరాలు. గంజాయికి ఆ పరిమాణం 20 కిలోలు.

అమెరికా సుప్రీంకోర్టు 2013లో ఆల్డో అనే కుక్క కేసును విచారించింది. అది ఒకే వాహనం దగ్గర రెండుసార్లు సూచన ఇచ్చింది. తనకు నేర్పిన మందు ఏదీ రెండుసార్లూ దొరకలేదు. అయినా రోడ్డు మీది లెక్కలకంటే నియంత్రిత పరీక్షల ఫలితాలే నమ్మదగినవని కోర్టు అంది. ఇందులో శాస్త్రీయమైన తర్కం ఉంది. సంచి ఖాళీగా ఉన్నా, నిన్నటి వాసన మిగిలి ఉండవచ్చు. అప్పుడు కుక్క తప్పిందో లేదో ఎలా చెబుతాం? అయితే పరీక్షలో వాసన ఎక్కడ దాచారో హ్యాండ్లర్‌కు తెలిస్తే ఆ పరీక్షకు విలువేముంది?

ఫుంగ్‌స్ట్ పద్ధతి ఇక్కడికి తిరిగి వచ్చింది. 2004లో అమెరికాలో మొదలైన ఒక నిపుణుల బృందం జాగిలాలకు 'జంట అంధ' పరీక్షలు పెట్టాలని సూచించింది. వాసన ఎక్కడుందో హ్యాండ్లర్‌కు తెలియదు, పక్కన నిలబడి చూసేవారికీ తెలియదు. తెలిసినవారు ఆ దరిదాపుల్లో ఉండరు. కొన్ని గదుల్లో అసలేమీ పెట్టరు. అటువంటి గదిలో కుక్క అంతా తిరిగి వచ్చాక హ్యాండ్లర్ తనంతట తానే "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పి బయటికి రావాలి.