ఇక్కడి బాదం పాలు మన బాదం పాలు కావు

పాలు పడట్లేదనో, పర్యావరణం కోసమనో మనలో చాలామంది ఇప్పుడు బాదం పాలకి మారుతున్నాం కదా, అసలు అమెరికాలో ఆవుపాల కథేంటో కూడా వినండి. 1850ల్లో న్యూయార్క్‌లో సారా బట్టీల పక్కనే ఆవుల్ని కట్టేసి, బట్టీలో మిగిలిన పిప్పి పెట్టేవాళ్లు. నీళ్లలా ఉన్న ఆ పాలల్లో సుద్ద కలిపి అమ్మేవాళ్లు, పసిపిల్లలు తాగేవాళ్లు! 1858లో ఫ్రాంక్ లెస్లీ పత్రిక ఆ బాగోతాన్ని బొమ్మలతో సహా బయటపెట్టింది. తర్వాత పాలు కాచి శుద్ధి చేయడం వచ్చింది. 1930ల్లో, పిల్లల ఎముకలు వంకరపోయే రికెట్స్‌ని ఆపడానికి, విటమిన్ డి కలపడం మొదలైంది. అంటే మనం గ్యాలన్లలో కొనేవీ పితికినవి పితికినట్టు ఉండవు.

బాదం, ఓట్స్, సోయా పాలల్లోనూ చాలా కంపెనీలు కాల్షియం, విటమిన్లు కలుపుతాయి. అసలు తేడా ప్రొటీన్‌లో. కప్పు ఆవుపాలల్లో 8 గ్రాములు, సోయాలో సుమారు 7, బాదంలో ఒక్కటే. మన బాదం పాలంటే చిక్కటి పాలల్లో బాదం ముద్ద, ఇక్కడిది నీళ్లల్లో బాదం. పేరు చూసి ఎదిగే పిల్లలకి అవే పట్టకండి.

నీళ్ల లెక్కా చూడండి. 2018లో ప్రపంచ సగటు తీసిన ఒక పరిశోధన ప్రకారం లీటరు ఆవుపాలకి 628 లీటర్ల నీళ్లు, బాదానికి 371, సోయాకి 28. నన్నడిగితే రెండు విధాలా సోయానే నయం, రుచి అలవాటవడానికే కాస్త టైం పడుతుంది.