కొయ్య దేవతలు

రాతివిగ్రహము వేయేండ్లు నిలుచును; కొయ్యవిగ్రహము అట్లు నిలువదు. కారణమేమి? తేమయు, గాలియు కలిసి దొరకినచోట శిలీంధ్రములు పెరిగి కొయ్యను కుళ్ళబెట్టును. ఈ చిక్కును రెండు ఆలయములు రెండు విధముల ఎదుర్కొన్నవి.

కంచి వరదరాజస్వామి ఆలయమున అత్తికొయ్య విగ్రహమును కోనేటిలో ముంచియుంచి, 40 ఏండ్లకొకసారి వెలికితీయుదురు. 1979 తరువాత 2019లో తీసి, 48 దినములు దర్శనమునకుంచిరి. నీట మునిగిన కొయ్యకు గాలి చాలదు గనుక శిలీంధ్రములు సులభముగా పెరుగజాలవు.

పూరీ పద్ధతి వేరు. జగన్నాథుని మూర్తి వేపకొయ్యది. చేదుగల వేపకు పురుగు త్వరగా పట్టదు. అయినను సముద్రతీరపు తేమలో అదియు శాశ్వతము కాదు. అందుచే అధికాషాఢము వచ్చిన సంవత్సరమున మూర్తులను క్రొత్తగా చెక్కుదురు. ఇదే నవకళేబరము. 1977, 1996, 2015 సంవత్సరములలో జరిగినది.

కంచిలో కాపాడబడునది కొయ్య. పూరీలో కాపాడబడునది చేతి నేర్పు. ఆ 19 ఏండ్ల ఎడములో నేర్పు తరువాతి తరమునకు అందకున్న, మంచి వేపమ్రాను దొరకినను మూర్తి వెలువడదు.