గులకరాయి, కలకండ

ఇట్లా రా అమ్మణ్ణీ, మంట దగ్గిరికి. సంక్రాంతి సాయంత్రం హూడిలో ఇప్పుడు కిచ్చు దాటించడానికి ఆవులెక్కడున్నాయి, మెట్రో స్టేషను తప్ప! మా కాలంలో వీధికి అడ్డంగా గడ్డి పరిచి నిప్పంటిస్తే, కొమ్ములకు రంగులు పూసుకున్న ఎద్దులు ఒక్కొక్కటే మంట మీంచి దూకేవి. పీడ పోతుందని మా అవ్వ, పిడుదులు రాలిపోతాయని మా నాయన. ఒకే ఇంట్లో రెండు మాటలు.

పొద్దున నువ్వు ‘దేవుడున్నాడని మీకెట్లా తెలుసు’ అని అడిగితే మీ అమ్మ కళ్ళు పోతాయనింది. ఏం పోవులే. నేనూ నీ వయసులో అడిగినోణ్ణే.

అప్పుడు మా వీధిలో కైవారం తాత తత్వాలు పాడేవాళ్ళు. కైవారం అంటే చింతామణి దగ్గిర. గాజుల మలారం భుజానేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకున్న మనిషి ఆయన. తెలుగులో, కన్నడంలో తత్వాలు కట్టినాడు. చుట్టూ కన్నడమే అయినా, తెలుగు తత్వం ఎత్తుకుంటే తలాడించని ముసలోళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆయనకు గురువు ఒక గులకరాయి ఇచ్చి, నోట్లో పెట్టుకొని నారాయణ మంత్రం జపించమన్నాడంట. రాయి కలకండ అయిననాడు జ్ఞానం వచ్చినట్టని చెప్పినాడంట. అయిందంట కూడా.

నేను అవ్వనడిగినాను: ‘రాయి కలకండ అవుతుందా?’ అని. ఇంకెవరైనా అయితే నెత్తిన మొట్టేవాళ్ళు. అవ్వ లేచి పోయి, బావి దగ్గిర ఒక నున్నటి రాయి ఏరి, చెంబు నీళ్ళతో రెండుసార్లు కడిగి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. ‘పెట్టుకో. మింగొద్దు’ అనింది. దవడ నొప్పి పుట్టేదాకా చప్పరించినాను. రాయి రాయిగానే ఉంది. కొంచెం మట్టి రుచి, అంతే. ఉమ్మేసి, ‘మరి నువ్వు నమ్ముతావా?’ అన్నాను. ‘పాడేటప్పుడు నమ్ముతాను రా. నువ్వడిగితే ఆలోచిస్తాను’ అనింది. చదువు రాని మనిషి. ఆ జవాబుకు సాటి వచ్చేది నేను ఇంకెక్కడా వినలేదు, పెద్ద పెద్ద వాళ్ళ ఉపన్యాసాలు విన్నాక కూడా.

ఉపన్యాసాలంటే గుర్తొచ్చింది. 1976లో నేను కాలేజీలో ఉన్నాను. ఇక్కడికి దగ్గిరే కాడుగోడిలో సత్యసాయిబాబా ఆశ్రమం, బృందావనం. 1972 నుంచి ఎండాకాలంలో అక్కడ కాలేజీ పిల్లలకు సమ్మర్ కోర్సు పెట్టేవాళ్ళు. బాబా చెయ్యి తిప్పితే విభూతి, ఉంగరాలు వస్తాయని ఊరంతా మాట. మా నాయన గురువారం గురువారం భజనకు పోయేవాడు.

అటు చూస్తే ఎచ్. నరసింహయ్య గారు, బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. గౌరీబిదనూరు తాలూకా పల్లెలో పేదింట పుట్టినాడు, 1942 పోరాటంలో జైలుకు పోయినాడు, అమెరికాలో ఒహాయో స్టేట్‌లో న్యూక్లియర్ ఫిజిక్స్ డాక్టరేటు చేసినాడు. తిరిగొచ్చినా ఖద్దరు, గాంధీ టోపీ వదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు, నేషనల్ కాలేజీ హాస్టల్లో ఒక గదే ఆయన సంసారం. అడగకుండా ఏదీ ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పేవాడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టింది ఆయనే. మహిమల్ని పరీక్షించడానికి 1976లో కమిటీ వేసి, మా ఎదుట చేసి చూపించండని బాబాకు మూడు ఉత్తరాలు రాసినాడు. జవాబు రాలేదు. సైన్సు హద్దు వేరు, ఆధ్యాత్మికం హద్దు వేరని బాబా పక్షం. 1977 ఆగస్టులో కమిటీ రద్దయిపోయింది.

పేపర్ల నిండా అదే రభస. అయితే అటూ ఇటూ రాసుకున్నది పెద్దోళ్ళే. ‘నీకేమనిపిస్తుంది రా’ అని మాలాంటి పిల్లోణ్ణి అడిగినోడు లేడు. నాకిప్పటికీ అదే కోపం.

మా నాయన మాత్రం అడిగినాడు. ఒక రాత్రి ముద్ద తింటా ఉంటే, ‘ఆ వైస్ ఛాన్సలర్ రాసిందేందో చదివి చెప్పు’ అన్నాడు. నాకు గుండె దడ. ఆయన గురువు మీద రాసింది కదా! చదివినాను. నడుమ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి, ‘ఆయన అడిగేది చెయ్యి తిప్పడం గురించా, నేను భజనకు పోవడం గురించా?’ అన్నాడు. నేను నోరెళ్ళబెట్టినాను. ‘ఆలోచించి చెప్పు, తొందరేం లేదు’ అన్నాడు. గురువారం మామూలుగానే భజనకు పోయినాడు. నేను పోలేదు. రమ్మనీ అనలేదు, ఎందుకు రాలేదనీ అడగలేదు. వచ్చినాక ప్రసాదం మాత్రం నా వాటా వేరే పెట్టినాడు.

చెప్పినానా అంటావా? ఆయన పోయేలోపు రెండు మూడు రకాలుగా చెప్పినాను. ఏదీ ఆయనకు పూర్తిగా నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

ఈ ఆదివారం కైవారం పోదాం రా. హొసకోటె మీదుగా చింతామణి దారి పట్టుకుంటే సరి. తాత తపస్సు చేసిన గుహ చూపిస్తాను. నీ దగ్గిర ఇంకా ఎన్ని ప్రశ్నలున్నాయో అన్నీ దారిలో అడుగు. ఇక్కడొద్దు, మీ అమ్మ వింటా ఉంది.