‘వదరుబోతు’ – సీమయందలి నాగరిక సంభాషణము

నాగరికత యను మాట నగరశబ్దమునుండి వచ్చినది. నగరమున్నచోటనే నూతన చింతనము పుట్టునను భావము మనలో పలువురకు కలదు. కాని ఆధునిక జీవితమును గూర్చి చదువరితో ముచ్చటించు వ్యాసరచన, మహానగరములకు దూరముగ నుండిన అనంతపురమున నెట్లు వేరూనెనో పరిశీలించినచో నీ భావము సవరింపదగినదని తోచును. అట్టి పరిశీలనమునకు ‘వదరుబోతు’ వ్యాసములు తగిన యాధారము.

ఈ వ్యాసరీతికి పుట్టినిల్లు లండను నగరము. 1709లో రిచర్డ్ స్టీల్ ‘టాట్లర్’ పత్రికను ప్రారంభించెను. 1711లో ఆతడును జోసెఫ్ అడిసనును గలిసి ‘స్పెక్టేటర్’ను వెలువరించిరి. ‘టాట్లర్’ తన విషయములను కాఫీగృహముల పేరనే విభజించుకొనెను. కవిత్వప్రసంగము విల్స్ గృహమునుండి, విద్యావిషయములు గ్రీషియన్‌నుండి, విదేశవార్తలు సెయింట్ జేమ్స్‌నుండి వచ్చినట్లు ప్రకటించెడిది. వర్తకుడు, న్యాయవాది, కవి యొక్కచోట కూర్చుండి వాదించుకొనుట ఆ నగరమున నిత్యకృత్యము. తత్త్వచింతనమును పండితుల గదులనుండి యిట్టి కూటములకు దెచ్చుటయే తన యాశయమని అడిసను చెప్పుకొనెను.

తెలుగున 1913లో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు ‘సువర్ణలేఖ’యందు ‘సాక్షి’ వ్యాసములు మొదలిడిరి. స్పెక్టేటరుయొక్క గోష్ఠి యిచట సాక్షిసంఘమైనది. అయినను జంఘాలశాస్త్రి వాక్ప్రవాహము సంభాషణముకంటె ఉపన్యాసమునకు దగ్గరగ నుండును. ఆతడు పలుకును, సభ వినును. కొన్నియేండ్లకు, ఆ దశాబ్దమునందే, అనంతపురమున కొందరు విద్యావంతులు అడిసను, స్టీలుల మార్గమునే యనుసరించి ‘వదరుబోతు’ను వెలువరించిరి. వారిలో పప్పూరు రామాచార్యులుగారు ముఖ్యులు. ఆ వ్యాసములలో కొన్ని తరువాత గ్రంథరూపమున ముద్రితమైనవి.

ఈ పేరు విచారింపదగినది. స్పెక్టేటరు మౌని, చూచువాడే కాని పలుకువాడు కాడు. సాక్షి యనుమాటకును చూచువాడనియే యర్థము. అనంతపురమువారు మాత్రము ‘టాట్లర్’ పేరును దెలిగించి వదరుబోతును ఎన్నుకొనిరి. వదరుట మనవారిలో గౌరవముగల పని కాదు. పండితుడు తన్ను తాను వదరుబోతని చెప్పుకొన్నప్పుడు పీఠము దిగి చదువరి ప్రక్కన కూర్చుండును. పీఠమునుండి చేసిన మందలింపు కంటగింపగును. తోడివాని వదరుగ వచ్చినచో నదే నవ్వుతో చెవికెక్కును. కావున నీ పేరు కేవలము అనువాదము గాదు, సమానతకు చేసిన ప్రతిజ్ఞ.

లండను కాఫీగృహమువంటి సాధనము సీమయందు లేదు. ఆ లోపమును వారపత్రిక పూరించెను. 1926లో రామాచార్యులుగారి ‘శ్రీ సాధన పత్రిక’ పెనుకొండనుండి వెలువడి, పిదప అనంతపురమునకు మారెను. 1565 నాటి యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, ఇరువదవ శతాబ్దినాటికి శిథిలముల నడుమ నొక చిన్న పట్టణము. రాజధానిగౌరవము పోయిన యూర పత్రిక పుట్టుట గమనింపదగినది. కన్నడసీమ యెల్లకు చేరువనున్న ఆమడగూరువంటి యూరికి నగరపు కూటము రాజాలదు. పత్రిక టపాలో రాగలదు. ఒక్కరు చదివిన పదుగురు వినగలరు.

సంభాషణముయొక్క ఫలము 1928లో స్పష్టముగ గోచరించును. ఆ యేడు నంద్యాల సభలో, అనంతపురమున అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలములకు ‘రాయలసీమ’ యను పేరు సూచించిరి. అన్యులకు దత్తమైన భూమి యను నర్థముగల పేరు తొలగి, తన చరిత్రను దలపించు పేరు నిలిచెను. ఆ యేడే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురమున వేమననుగూర్చి యుపన్యసించిరి. 1929లో నవి గ్రంథమైనవి. శర్మగారు అనంతపురమండలపు పల్లెలో బుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకులైరి. ఆ నగరమున కట్టమంచి రామలింగారెడ్డిగారితోడి సాహచర్యము వారి విమర్శనదృష్టిని పదునుపెట్టెను. నగరమున నేర్చిన దృష్టిని వారు ప్రసరింపజేసినది పల్లెజనుల నోటనున్న కవిపై. వేమన సమాధి యున్నదని జనులు నమ్ము కటారుపల్లె, ఆమడగూరు చేరియున్న కదిరి ప్రాంతమునందే కలదు. వేమన పద్యమును సంభాషణమే. అది వినుమను పిలుపుతో ముగియును. పూర్వము కావ్యగోష్ఠికి వెలియైన యా గొంతునకు విశ్వవిద్యాలయ పాండిత్యము చెవియొగ్గుట, ఆధునికత పల్లెను విడనాడనక్కరలేదనుటకు నిదర్శనము.

నగరము సంభాషణమునకు సదుపాయము మాత్రమే, ప్రాణము గాదు. సమానునిగ వినువాడు, మాటను మోయు సాధనము, ఈ రెండును గలచోట చింతనము సాగును. తెలుగు వచనచరిత్రను మద్రాసు, రాజమహేంద్రవరముల ముద్రణాలయములనుండియే వ్రాసినచో నీ పాయ మరుగుపడును. చిన్న పట్టణముల వారపత్రికల పాత సంపుటములను వార్తలకొరకే గాక, అందలి వాదప్రతివాదములకొరకును పరిశోధకులు చదువవలెను. కాగితము శిథిలమగుటకు ముందే యీ పని జరుగవలసియున్నది.