ఇరావడి డాల్ఫిన్: పొరుగు దేశాల పొత్తు ఎంతదాకా వచ్చింది?

1852లో విశాఖపట్నం రేవులో ఒక జలచరం దొరికింది. మామూలు డాల్ఫిన్‌కు ఉండే పొడవాటి మూతి దీనికి లేదు. గుండ్రటి తల, వీపు మీద చిన్న మొండి రెక్క, ఒళ్లంతా బూడిద రంగు. అప్పట్లో ఉత్తర సర్కార్ల కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ సేకరించిన నమూనాలతో పాటు ఇదీ లండన్ చేరింది. అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన ఇలియటే ఈయన. ఆ నమూనాను పరిశీలించిన రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఇవాళ ప్రపంచమంతా ఇరావడి డాల్ఫిన్ అని పిలుస్తున్న జాతి శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది మన తీరం నుంచే.

ఈ డాల్ఫిన్ నడిసముద్రానికి పోదు. నదులు కడలిలో కలిసే చోట, లోతు తక్కువ ఉన్న బురదనీటిలో, ఒడ్డుకు దగ్గరగా బతుకుతుంది. చిలికా, సుందర్బన్స్ మొదలుకొని మయన్మార్, థాయిలాండ్, కంబోడియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దాకా అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా కనిపిస్తుంది. ఇరావడి, మెకాంగ్, మహాకం నదుల్లో సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన కూడా ఉంది. మనిషి తన వలలకూ రేవులకూ ఎంచుకున్నవి కూడా ఈ చోట్లే. నదికీ సముద్రానికీ సరిహద్దు గీతలు పట్టవు కాబట్టి ఏ దేశమైనా ఒంటిచేత్తో దీన్ని కాపాడలేదు. దేశాలు కలిసి పనిచేయాలన్న ఆలోచన ఎప్పుడు పుట్టింది, ఎందాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది మనకూ పట్టవలసిన సంగతి.

వాటా కోసం తగాదా

1870ల్లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేస్తున్న జాన్ ఆండర్సన్ బర్మాలోని ఇరావడి నదిలో ఇవే డాల్ఫిన్లను చూశాడు. వేరే జాతి అనుకుని వేరే పేరు పెట్టాడు. తర్వాత రెండూ ఒకటేనని తేలింది. ఆయన రాసినవాటిలో ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. నది ఒడ్డున ఒక్కో జాలరిపల్లెకు ఒక్కో డాల్ఫిన్ తమదన్న నమ్మకం ఉండేదట. తమ డాల్ఫిన్ తరిమిన చేపలు పక్క ఊరివాళ్ల వలలో పడ్డాయని, అందులో తమకు వాటా రావాలని స్థానిక న్యాయస్థానాల్లో వ్యాజ్యాలు నడిచేవట.

జాలరికీ డాల్ఫిన్‌కూ మధ్య ఆ స్నేహం ఇరావడి మీద ఇంకా మిగిలి ఉంది. జాలరి పడవ అంచు మీద చిన్న కర్రముక్కతో టకటకా కొడతాడు. డాల్ఫిన్లు చేపల గుంపును చుట్టుముట్టి పడవ వైపు తోసుకొస్తాయి. తోక ఆడించిన తీరును బట్టి అదను గ్రహించి జాలరి విసురు వల వేస్తాడు. వల నుంచి తప్పించుకున్న చేపలు డాల్ఫిన్లకు దక్కుతాయి. ఇద్దరికీ లాభమున్న ఈ వేటను ఎవరూ చట్టం పెట్టి నేర్పలేదు, తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది.

నైలాన్ వల వచ్చాక

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో నూలు వలల స్థానంలో నైలాన్ వలలు వచ్చాయి. చవక, తేలిక, ఏళ్ల తరబడి మన్నిక. నీటిలో తెరలా నిలబడే గిల్‌నెట్ చేపకు కనిపించదు. డాల్ఫిన్ కూడా సమయానికి పసిగట్టలేదు. చేపలా నీటిలోనే గాలి పీల్చుకునే ఏర్పాటు దానికి లేదు, కొద్ది నిమిషాలకోసారి పైకి రావాల్సిందే. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. జాలరికి దాని మీద పగ లేదు, అది చస్తే లాభమూ లేదు. పైగా వల చిరిగి నష్టం. అయినా ఆసియా తీరమంతటా ఈ జాతిని అన్నిటికంటే ఎక్కువగా చంపుతున్నది ఈ వలే. ఆడ డాల్ఫిన్ ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ ఈనడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే చిన్న గుంపులో ఏటా రెండు మూడు చనిపోయినా ఆ లోటు పూడదు.

మిగతా దెబ్బలూ తోడయ్యాయి. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ ఏలుబడిలో నూనె కోసం చంపారు. ఇండోనేషియాలోని మహాకం నదిలో పట్టి జకార్తాలోని ప్రదర్శనశాలకు తరలించారు. మయన్మార్‌లో కరెంటుతో చేపలు పట్టే ముఠాలు డాల్ఫిన్‌నూ జాలరినీ కలిపి దెబ్బతీశాయి.

దేశాలు ఒకచోట చేరాయి

భారత్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ డాల్ఫిన్‌ను మొదటి షెడ్యూలులో పెట్టి కాపాడుతోంది. కానీ పొరుగున ఎన్ని ఉన్నాయో, ఎలా ఉన్నాయో చాలాకాలం ఎవరికీ సరిగ్గా లెక్క తెలియదు. ఆ లోటు తీర్చే ప్రయత్నం 1995లో ఫిలిప్పీన్స్‌లోని దుమగెటె పట్టణంలో మొదలైంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అండతో ఆగ్నేయాసియా శాస్త్రవేత్తలు అక్కడ సమావేశమయ్యారు. 2002లో అదే ఊళ్లో రెండోసారి, 2015లో మలేసియాలోని లంకావిలో మూడోసారి కలిశారు. ఒకే పద్ధతిలో లెక్కించడం, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలను నమోదు చేయడం, ఒకరి అనుభవం మరొకరికి చెప్పుకోవడం అలా అలవాటయ్యాయి.

లెక్కలు చేతికొచ్చాక దేశాలు కదిలాయి. 2004లో థాయిలాండ్ ప్రతిపాదించగా, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ఈ జాతిని మొదటి అనుబంధంలో చేర్చింది. దాంతో వ్యాపారం కోసం దేశాల మధ్య వీటిని తరలించే దారి మూసుకుపోయింది. 2008లో రోమ్ సమావేశంలో వలస జీవుల ఒప్పందం కూడా అత్యున్నత రక్షణ ఇచ్చింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 2017లో జాతి మొత్తాన్నీ ఆపదలో ఉన్నదిగా ప్రకటించింది.

బంగాళాఖాతంలో ఆశ

చాలాచోట్ల పదుల్లోనే లెక్క తేలుతున్న రోజుల్లో బంగ్లాదేశ్ నుంచి ఊరట కలిగించే కబురు వచ్చింది. 2004లో అక్కడి తీరజలాల్లో జరిగిన సర్వే దాదాపు 5,400 ఇరావడి డాల్ఫిన్లు ఉన్నాయని అంచనా వేసింది. మిగతా దేశాల లెక్కలన్నీ కలిపినా దీని దరిదాపులకు రావు. గంగా బ్రహ్మపుత్రల మంచినీరు సముద్రంలో కలిసే చోటే వాటికి కోట. ఆ నీరు బంగ్లాదేశ్‌కు చేరేది భారత్ మీదుగా అన్నది మనం మరువరాదు.

2011 సెప్టెంబరులో సుందర్బన్స్ సంరక్షణకు భారత్, బంగ్లాదేశ్ ఢాకాలో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. 2012లో బంగ్లాదేశ్ తన సుందర్బన్స్‌లో మూడు డాల్ఫిన్ అభయారణ్యాలను, 2014లో తీరానికి ఆవల 1,738 చదరపు కిలోమీటర్ల సముద్ర రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో శేలా నదిలో నౌక మునిగి, సుమారు మూడున్నర లక్షల లీటర్ల ఫర్నేస్ ఆయిల్ అభయారణ్యంలోకి పారింది. ఊళ్లవాళ్లు గిన్నెలతో, స్పాంజీలతో ఆ నూనెను చేతులారా ఎత్తిపోశారు. అభయారణ్యం గుండానే ఓడలు నడుస్తుంటే రక్షణకు ఎంత విలువ ఉంటుందో ఆ ప్రమాదం చూపించింది.

మన వైపు చిలికాది మంచి ఉదాహరణ. పూడిపోతున్న సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీటిని రానిచ్చారు. చేపలు పెరిగాయి. రొయ్యల పెంపకానికి అడ్డంగా కట్టిన వలల ఘేరీలను తొలగించాక డాల్ఫిన్లు తిరిగే చోటూ పెరిగింది. ఇటీవలి లెక్కల్లో వాటి సంఖ్య 150కి అటూఇటూ ఉంటోంది. చిలికా ఒక్క రాష్ట్రం పరిధిలో, ఒకే అధికార సంస్థ కింద ఉంది. పని సాగడానికి అదీ ఒక కారణమే.

మెకాంగ్ చెప్పే పాఠం

రెండు దేశాల మధ్య నలిగిన గుంపు గతి ఏమవుతుందో మెకాంగ్‌లో తెలిసింది. కంబోడియా, లావోస్ సరిహద్దులో నది లోతుగా ఉన్న ఒక మడుగు డాల్ఫిన్లకు ఆశ్రయం. 2012లో కంబోడియా తన వైపు క్రాటీ నుంచి సరిహద్దు దాకా 180 కిలోమీటర్ల మేర గిల్‌నెట్లు నిషేధించింది. కాపలాదారులను పెట్టింది. కానీ మడుగు ఒకటే అయినా అధికారాలు రెండు. ఎగువన లావోస్‌లో డాన్ సహోంగ్ ఆనకట్ట కూడా లేచింది. ఆ మడుగులో ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, 2022 ఫిబ్రవరిలో చివరి డాల్ఫిన్ వలలో చిక్కిన గాయాలతో చనిపోయింది. లావోస్‌లో ఆ జాతి కథ అంతటితో ముగిసింది. అంతర్జాతీయ ఒప్పందాల రక్షణలన్నీ అప్పటికి అమల్లోనే ఉన్నాయి. దిగువన కంబోడియాలో మిగిలినవి వంద చుట్టూ.

2023 అక్టోబరులో కొలంబియా రాజధాని బొగోటాలో ఆసియా, దక్షిణ అమెరికాలకు చెందిన 11 దేశాలు నదీ డాల్ఫిన్ల కోసం ఉమ్మడి ప్రకటన చేశాయి. మంచిదే. కానీ ఇన్నేళ్ల చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. శాస్త్రం పంచుకోవడంలో దేశాలు గెలిచాయి, వ్యాపారాన్ని ఆపడంలోనూ గెలిచాయి. ఎందుకంటే ఆ రెండూ సమావేశ మందిరంలోనే తేలే పనులు. వల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. ఎందుకంటే ఆ వల ఒక కుటుంబానికి అన్నం.

అన్నం పోకుండా దారి దొరకదా? మహాకం నదిలో వలలకు శబ్దం చేసే చిన్న పరికరాలు కడుతున్నారు. ఆ చప్పుడుకు డాల్ఫిన్లు దూరంగా తొలగిపోతాయి, వలా చిరగదు. బంగాళాఖాతంలో ఇంకో మంచి మార్పు వచ్చింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. బంగ్లాదేశ్ నిషేధం మే 20న మొదలై జూలై దాకా సాగేది. తాము వలలు మడిచిన రోజుల్లో పొరుగు పడవలు వచ్చి పట్టుకుపోతున్నాయని అక్కడి జాలరులు మొత్తుకునేవారు. 2025 నుంచి బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కు మార్చుకుంది. చేపల కోసం తీసుకున్న నిర్ణయమే అయినా, ఆ రెండు నెలలు డాల్ఫిన్ తిరిగే నీటిలో వలలు తగ్గుతాయి.

వేట ఆపిన జాలరికి పరిహారం ఇవ్వడమూ మనకు కొత్త కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలానికి ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. ఇదే సూత్రాన్ని డాల్ఫిన్లు తిరిగే నదీముఖాలకు వర్తింపజేసి, గిల్‌నెట్ మానిన జాలరికి ఆదాయం పూడ్చే నిధిని బంగాళాఖాతపు దేశాలు ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. భారత్, బంగ్లాదేశ్ అధికారులు సుందర్బన్స్ రెండు వైపులా ఒకే వారంలో డాల్ఫిన్లను లెక్కించవచ్చు. తర్వాతి ఒప్పందం రాసేటప్పుడు శాస్త్రవేత్తల పక్కన జాలరులను కూర్చోబెట్టాలి. వల వేసే చేయి ఒప్పుకుంటేనే డాల్ఫిన్ బతుకుతుంది. ఆ చేతికి నష్టం రాకుండా చూసే బాధ్యత సంతకం పెట్టిన ప్రభుత్వాలది.